యాకోబు ఆర్మీనియసు చరిత్రము

ఈశ్వరుడు న్యాయవంతుడనియు, దయామయుడనియు, ఆయన యెదుట మనుష్యులందరును సమానులనియు బ్రాహ్మసమాజమువారు మొదటినుండియు బోధించుచు వచ్చిరి. ఈ మాట వినుటకు మిక్కిలి సులభము. దీనిని కాదనువారు విద్యావంతులలో నెవ్వరును లేరని తోచును. అట్లయ్యును, బాల్యమున భర్తను గోల్పోయిన పడుచు కంట నీరు పెట్టుకొన్నప్పుడు అది దాని నుదుటి వ్రాత యని మన పెద్దలు తరతరములుగా తీర్పు చెప్పిరి. తక్కువ కులమని యెంచబడినదానియందు పుట్టినవాడు గ్రుక్కెడు నీటికై బావి యొద్ద నిలువబడినప్పుడు అది వాని పూర్వజన్మఫలమని చెప్పి మొగము త్రిప్పుకొనిరి. దేవుడు న్యాయవంతుడను మాటయు, మనుష్యుని మేలుకీడులన్నియు వాడు పుట్టకమున్నే నిర్ణయింపబడినవను మాటయు నొక్క నోటనే పలుకుట మన కలవాటైపోయినది. ఈ రెండును నొకచోట నిముడునా యని నిలిచి యడిగినవారు కొలదిమంది.

ఈ ప్రశ్నను మన దేశమువారు మాత్రమే యెదుర్కొనలేదు. ఐరోపాఖండమునందలి సంస్కృత క్రైస్తవసంఘములలో నీ ప్రశ్నయే వేరొక రూపమున బయలుదేరి, యొక దేశమునంతయు రెండు పక్షములుగా చీల్చి, తుదకొక వృద్ధమంత్రిని వధ్యస్థానమున కెక్కించినది. ఆ ప్రశ్నను శాంతముగా నడిగిన పండితుడు యాకోబు ఆర్మీనియసు. ఆయన యుద్ధవీరుడు కాడు. క్రొత్త మతమును స్థాపించినవాడు కాడు. బ్రదికినంత కాలము కలహమునకు వెరచినవాడు. అట్టివాని చరిత్రము మనకేల యని యెవరైన నడుగవచ్చును. కలహమునకు వెరచువారే మనలో నెక్కువమంది గనుక, నీ చరిత్రము మనకే యెక్కువగా కావలసియున్నదని మేము తలచుచున్నాము.

అప్పటి హాలండు సంస్థానమునందు ఔడెవాటరు అను చిన్న పట్టణముండెను. ఆర్మీనియసు 1560వ సంవత్సరమున నచ్చట జన్మించెనని సాధారణముగా వ్రాయుదురు. 1559 అని చెప్పు చరిత్రకారులును గలరు. తండ్రి హెర్మను కత్తులు మొదలగు నాయుధములు చేసి జీవించువాడు. ఆయన, బిడ్డకు తెలివి రాకమున్నే మృతినొందెను. అంతట ఊట్రెక్టు నగరమున నుండిన థియోడోరసు ఎమిలియసు అను పురోహితుడు బాలుని చేరదీసి లాటిను గ్రీకు భాషలు చెప్పించెను. ఈ పురోహితుడు రోమను మతాచారములయందు విశ్వాసము సడలినవాడు. ఆయనయు మరణింపగా, ఔడెవాటరు పట్టణమువాడే యైన రుడోల్ఫు స్నెల్లియసు అను గణితపండితుడు 1575వ సంవత్సరమున బాలుని తనతో జర్మనీదేశమందలి మార్బుర్గు విద్యాపీఠమునకు తోడుకొనిపోయెను.

అప్పుడు నెదర్లాండ్సు సంస్థానములు స్పెయిను రాజగు రెండవ ఫిలిప్పు పాలనమునకు లోబడియుండెను. 1568వ సంవత్సరమునుండి యచ్చటి ప్రజలు మతస్వాతంత్ర్యముకొరకును, పన్నుల బాధ పడలేకయు తిరుగబడియుండిరి. ఆర్మీనియసు మార్బుర్గు చేరిన యేడే, ఆగష్టు మాసమున, స్పెయినువారి సేనలు ఔడెవాటరును ముట్టడించి పట్టుకొని జనులను సంహరించి యూరిని తగులబెట్టెను. ఆ వార్త విన్న యువకుడు స్వగ్రామమునకు పోయి చూడగా, తల్లియు తోబుట్టువులును బంధువులును మిగులలేదు. బూడిదకుప్పల నడుమ నిలిచి, మరల మార్బుర్గునకు కాలినడకను తిరిగివచ్చెను. మతము పేరిట మనుష్యులు మనుష్యులకు చేయగల కీడెట్టిదో ఆయన పదునైదేండ్ల ప్రాయముననే కన్నులార చూచెను. ఆయన తరువాతి నడవడిని తీర్పు తీర్చువారు ఈ సంగతిని మరువరాదు.

1574వ సంవత్సరమున లైడెను నగరమువారు స్పెయినువారి ముట్టడిలో నాకలికి మలమల మాడియు లొంగక నిలిచిరి. తుదకు సముద్రపు కట్టలు తెగగొట్టి నీటిని లోనికి విడిచి, యోడలమీద నాహారము తెచ్చి వారిని రక్షించిరి. మరుసటి యేడు ఆరెంజి ప్రభువు విలియము ఆ నగరమున విద్యాపీఠమును స్థాపించెను. 1576వ సంవత్సరమున ఆర్మీనియసు అందు చేరెను. విద్యాపీఠమున మొట్టమొదట పేర్లు వ్రాయించుకొన్న కొలదిమందిలో నాయన యొకడు. అప్పటి పండితుల వాడుకనుబట్టి తన పేరును లాటినులోనికి మార్చుకొని, రోమనులతో పోరాడిన పూర్వ జర్మను వీరుని పేరగు ఆర్మీనియసు అనుదానిని గ్రహించెను.

ఆయన బుద్ధికుశలతను విని ఆమ్‌స్టర్‌డాము నగరమందలి వర్తకసంఘమువారు విద్యావ్యయము భరింప నొప్పుకొనిరి. చదువు ముగిసిన పిదప నా నగర సంఘమునకే సేవచేయుదునని యాయన పత్రము వ్రాసి యిచ్చెను. అంతట 1582వ సంవత్సరమున జెనీవాకు పోయెను. జాను కాల్విను 1564లోనే గతించెను. ఆయన పీఠమున శిష్యుడైన థియోడోరు బీజా యుండి, ఐరోపాయందలి సంస్కృత సంఘములన్నిటికిని గురుప్రాయుడై వెలయుచుండెను. కాల్విను మతము నభ్యసింపగోరు యువకునకు జెనీవాను మించిన స్థలము లేదు; బీజాను మించిన గురువు లేడు.

బీజా చెప్పిన పూర్వనిర్ణయ సిద్ధాంతమును మేమిచ్చట కొంచెము వివరింపవలసియున్నది. దేవుడు లోకమును సృజింపకమున్నే, మనుష్యులలో కొందరిని నిత్యజీవమునకును, కొందరిని నిత్యదండనకును నేర్పరచెను. ఆ నిర్ణయము వారి పుణ్యమునుగాని పాపమునుగాని, విశ్వాసమునుగాని యవిశ్వాసమునుగాని చూచి చేసినది కాదు. కేవలము ఆయన యిచ్ఛ. నిర్ణయము నెరవేరుటకే సృష్టియు, మనుష్యుని పతనమును కలిగినవి. ఇదియే యా సిద్ధాంతపు సారము.

దీనిని విన్నతోడనే యిది క్రూరమని మన చదువరులు తోసివేయుదురు. కాని న్యాయముగా నాలోచింపవలెను. ఈ సిద్ధాంతమును పట్టుకొన్నవారు క్రూరులు కారు. మోక్షము పురోహితుని చేతిలో లేదు, రూకలకు దొరకదు, మనుష్యుని గొప్పతనమువలన రాదు, కేవలము దైవకృపవలననే కలుగునను వినయమే దీనికి మూలము. చితులమీద కాల్చబడుచు, ఊరూరు తరుమబడుచు నున్నవారికి, తమ్ము దేవుడే యెన్నుకొన్నాడు, రాజులెవ్వరును తమ్మాయన చేతినుండి లాగివేయలేరను నమ్మిక గొప్ప ధైర్యమిచ్చినది. స్పెయినువంటి సామ్రాజ్యమును చిన్న దేశము ఎదిరించి నిలుచుటకు ఈ నమ్మికయు నొక కారణము. కావుననే దీనిని ప్రశ్నించుట పితృద్రోహమువలె పలువురకు తోచెను.

జెనీవాలో ఆర్మీనియసునకు కలిగిన మొదటి చిక్కు ఈ సిద్ధాంతమునుగూర్చినది కాదు. ఆయన ఫ్రెంచి పండితుడగు రామసు తర్కపద్ధతిని మెచ్చి, తోడి విద్యార్థులకు దానిని చెప్పసాగెను. అరిస్టాటిలు పద్ధతినే యనుసరించు జెనీవా యాచార్యులు దీని కోపలేకపోయిరి. ఆయన వాదమునకు దిగక, బాసెలు నగరమునకు పోయి యచ్చట కొంతకాలము చదివెను. బాసెలు పండితులాయనకు వేదాంతాచార్య బిరుదము నియ్యజూపగా, తాను మిక్కిలి చిన్నవాడననియు, బిరుదమునకు గౌరవము తగ్గుననియు చెప్పి యొల్లకపోయెను. తిరిగి జెనీవా చేరిన పిదప బీజాయే ఆయన శీలమును పాండిత్యమును మెచ్చుకొని ఆమ్‌స్టర్‌డామువారికి జాబు వ్రాసెను. ఊటెన్బోగార్టు అను సహపాఠితో నచ్చట కుదిరిన స్నేహము మరణపర్యంతము నిలిచెను.

పిదప నాయన ఇటలీకి పోయి, పాడువా నగరమున జబరెల్లా అను తత్త్వవేత్త యుపన్యాసములు విని, రోమును చూచి వచ్చెను. ఈ ప్రయాణమునుబట్టి, ఆయన పోపుగారి పాదరక్షను ముద్దుపెట్టుకొన్నాడని స్వదేశమున వదంతి పుట్టెను. ఒకడు తనకు భిన్నముగా నాలోచించునని తోచినప్పుడు, వాని ప్రయాణమును, వాని స్నేహమును, వాని భోజనమును గూర్చి కథలల్లుట మన దేశమున మాత్రమే పుట్టిన విద్య కాదని దీనివలన తెలియుచున్నది.

1588వ సంవత్సరమున ఆర్మీనియసు ఆమ్‌స్టర్‌డాము సంఘమునకు బోధకుడుగా నియమింపబడెను. హాలండు సంస్థానమున పుట్టి యా నగరమున బోధకుడైన యీ యువకుని యుపన్యాసములు వినుటకు జనులు గుమిగూడిరి. 1590లో నగర ప్రముఖులలో నొకడగు లారెన్సు రేయలు కుమార్తె లైస్‌బెతును పెండ్లాడెను. కీర్తియు, బంధుబలమును, తగిన జీతమును గలిగి, ఆయన సుఖముగా కాలము గడుపుట కేలోపమును లేకుండెను.

అప్పుడు కూర్న్‌హెర్టు అను నొక గృహస్థుడు గలడు. ఆయన చిత్రములు చెక్కువాడు, గ్రంథకర్త, ఏ సంఘమునకును లోబడనివాడు. మతభేదమునుబట్టి యెవ్వనిని చంపరాదనియు, పూర్వనిర్ణయ సిద్ధాంతము దేవునికి కళంకమనియు దేశభాషలో వ్రాసి సామాన్యజనుల చేతులలో బెట్టెను. ఆయనకు సమాధానము చెప్పబోయిన డెల్ఫ్టు నగరపు బోధకు లిద్దరు, బీజా మతము నట్లే నిలువబెట్టుట కష్టమని గ్రహించి, దానిని కొంత సడలించి 1589లో నొక పుస్తకము వ్రాసిరి. దీనితో సంఘములో కలవరము హెచ్చెను. బీజాకు ప్రియశిష్యుడు, తర్కమున నిపుణుడు నైన ఆర్మీనియసు కంటె నీ పనికి తగినవాడెవడు? కూర్న్‌హెర్టును ఖండింపుమని ఆమ్‌స్టర్‌డాము సంఘమువారును, డెల్ఫ్టు బోధకులను ఖండింపుమని వేరొక పండితుడును ఆయనను కోరిరి.

ఆయన పనికి పూనుకొని, తాను నిలువబెట్టవలసినదానినే మొదట పరీక్షింప నారంభించెను. పరీక్షించినకొలది ఖండింపబూనిన వాదమే బలముగా కనబడి, తన గురువు వాదమే విడిపోయెనని పూర్వులు వ్రాసిరి. ఆయన మనస్సు ఒక్కసారిగా నట్లు మారలేదనియు, మొదటినుండియు బీజా మతమును పూర్ణముగా నంగీకరించియుండెనో లేదో సందేహమనియు నాధునిక చరిత్రకారులు కొందరు చెప్పుదురు. ఎట్లైనను ఒక్క సంగతి నిశ్చయము: కోరిన ఖండనము ఆయన కలమునుండి వెలువడలేదు. వ్రాసియున్నచో కీర్తి వచ్చియుండును, గురువు సంతోషించియుండును. తాను నమ్మనిదానిని వ్రాయలేక ఆయన మిన్నకుండెను.

ఆ మౌనము చాలకాలము సాగలేదు. ఆయన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను వరుసగా ప్రసంగములలో వ్యాఖ్యానించుచుండెను. 1591లో నేడవ యధ్యాయమునకు వచ్చినప్పుడు, మేలు చేయగోరియు కీడే చేయుచున్నానని మొరపెట్టు మనుష్యుడు ఇంకను కృపచేత నూతనుడు కానివాడని యర్థము చెప్పెను. కాల్విను మతస్థులు దీనిని వేరుగా గ్రహించుచుండిరి. తోడి బోధకుడగు ప్లాంకియసు లేచి, ఆర్మీనియసు మనుష్యప్రయత్నమునకు కృపకంటె నెక్కువ స్థానమిచ్చెనని నేరము మోపెను. ఈ ప్లాంకియసు సామాన్యుడు కాడు, గొప్ప భూగోళవేత్త. తూర్పుసముద్రములకు పోవు డచ్చి నావికులు ఆయన పటముల సాహాయ్యమును పొందిరి. మన పూర్వులు వలందావారని పిలిచిన యా డచ్చివారు 1605 ప్రాంతమున మచిలీపట్నమున వర్తకము మొదలిడిరి. నగరాధికారులు మధ్యవర్తులై, ఇద్దరును సంఘశాంతిని కాపాడవలెనని చెప్పి కలహము నణచిరి.

తరువాతి పదేండ్లును ఆర్మీనియసు సందేహములను తన గదిలోనే యుంచుకొని పరిశ్రమించెను. లైడెను ఆచార్యుడగు జూనియసుతో ఈ విషయమై లేఖల మూలమున వాదించెను. ఆంగ్లేయ పండితుడగు పెర్కిన్సు వ్రాసిన గ్రంథమును వాక్యవాక్యము పరిశీలించి దీర్ఘమైన విమర్శ వ్రాసెను; పెర్కిన్సు 1602లో మరణింపగా, దానిని ప్రకటింపక పెట్టెలో నుంచెను. అది ఆర్మీనియసు మరణానంతరము 1612లో గాని యచ్చుపడలేదు.

1602 ప్రాంతమున ఆమ్‌స్టర్‌డాము నగరమున మహామారి ప్రబలి వేలకొలది జనులు కూలిరి. ధనికులు పల్లెలకు తరలిపోవుచుండగా, ఆర్మీనియసు రోగుల యిండ్లకు పోయి వారిని ఓదార్చుచుండెను. బీదల పేటలో నొక యింట నందరును వ్యాధిపడి దాహమునకు మొరపెట్టుచుండగా, లోనికి పోవుటకు ఇరుగుపొరుగువారికి ధైర్యము చాలలేదనియు, ఆయనయే నీరు తీసికొని లోపల ప్రవేశించి వారి నోట పోసెననియు ఆయన చరిత్రకారులు చెప్పుదురు. సిద్ధాంతవాదములయందు మాట తడబడువాడని విరోధులు చెప్పిన యా మనుష్యుడు ఆ గడప యొద్ద తడబడలేదు. ఇంటిలోనివారు ఎన్నుకోబడినవారో, విడువబడినవారో ఆయన విచారింపలేదు.

ఆ మహామారిచేతనే లైడెను విద్యాపీఠమున జూనియసుతో గూడ నిద్దరు వేదాంతాచార్యులు మరణించిరి. 1603లో ఆర్మీనియసును ఆచార్యపదవికి పిలిచిరి. అచ్చట మిగిలియున్న ఆచార్యుడు గొమారసు దీని కభ్యంతరము చెప్పెను. గొమారసు బ్రూజెసు నగరమున పుట్టి, మతము నిమిత్తము స్వస్థలము విడిచిన కుటుంబములోనివాడు, విశ్వాసమున నిష్కపటి, కాని పూర్వనిర్ణయ సిద్ధాంతమునందు వెంట్రుకవాసి తగ్గినను సంఘమంతయు కూలునని నమ్మినవాడు. హేగు నగరమున నిరువురకును సంభాషణ జరిగి, తాత్కాలికముగా సమాధానము కుదిరెను. మరుసటి యేడు పూర్వనిర్ణయమునుగూర్చి ఆర్మీనియసు శిష్యులచేత వాదము చేయింపగా, గొమారసు తన వంతు కాకున్నను దానికి ప్రతివాదము జరిపెను. అప్పటినుండి తరగతిగదులలోని కలహము దేవాలయములకును, వానినుండి బజారులకును వ్యాపించెను.

ఆర్మీనియసు బోధించిన దేమి? దేవుడు పేర్లు వ్రాసికొని కొందరిని రక్షించుటకును కొందరిని నశింపజేయుటకును పూనుకొనలేదు. విశ్వసించువారిని రక్షింపవలెనని నిర్ణయించెను. ఆయన కృప యందరికిని చాలినంత యున్నది. మనుష్యుడు దానిని స్వీకరింపవచ్చును, త్రోసివేయవచ్చును. కృప లేక మనుష్యుడు తనంతట మేలు తలపనైన తలపలేడు. అయినను కృప వానిని రాతిబొమ్మవలె నీడ్చుకొనిపోదు. దేవుడే పాపమును ముందుగా విధించినయెడల పాపమునకు కర్త ఆయనయే యగును. విధి తప్పించుకొనలేని మనుష్యుని పాపి యనుట కర్థము లేదు. నిజమునకు పాపము చేసినవాడు దేవుడొక్కడే యగును. ఆయన వాదమున కిదియే వెన్నెముక. దేవుని శక్తిని పొగడుటకై ఆయన న్యాయమును బలియిచ్చుట భక్తి కాదని ఆయన చెప్పదలచెను.

విరోధులను మరింత కలతపెట్టినది వేరొకటి. ఆ దేశపు సంఘములు బెల్జికు విశ్వాసప్రమాణమును, హైడెల్బెర్గు ప్రశ్నోత్తరావళిని తమకు కట్టడలుగా నంగీకరించియుండెను. ఇవి మనుష్యులు వ్రాసినవి గనుక, అప్పుడప్పుడు వీనిని ధర్మగ్రంథముతో పోల్చి పరీక్షించి, తప్పులున్నచో దిద్దవలెనని ఆర్మీనియసు కోరెను. పోపు మాటకు తప్పులేదనుటను ఖండించి బయటికి వచ్చినవారు, తమ తండ్రులు వ్రాసిన పత్రమునకు తప్పులేదని చెప్పుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము. అడిగినవానిని శంకించుట సులభము. జనులు రెండవదానినే చేసిరి.

ఆయన జెస్యూటుల గ్రంథములు చదువుమని శిష్యులకు చెప్పుననియు, రోమునుండి ధనము గ్రహించెననియు వదంతులు వ్యాపించెను. ధర్మగ్రంథమునకు తరువాత కాల్విను వ్యాఖ్యానములనే తాను శిష్యులకు సిఫారసు చేయుదునని ఆయన 1607లో నొక జాబులో తెలిపెను. తాను కాల్వినుతో నొక విషయమున భేదించియు, కాల్విను గొప్పతనమును దాచలేదు. అంతకుముందు 1606వ సంవత్సరమున విద్యాపీఠాధ్యక్ష పదవిని విడుచుచు, క్రైస్తవులలోని మతకలహములను మాన్పు మార్గమునుగూర్చి ఉపన్యసించెను. సకలపక్షములవారును కూడిన సభలో, బలాత్కారము లేక, ప్రతివాడును స్వేచ్ఛగా మాటలాడి, యొకమతము కుదురనిచోట నొకరినొకరు సహించుకొనవలెనని యందలి భావము.

1608వ సంవత్సరమున మే నెలలో నిద్దరాచార్యులును హేగు నగరమున ఉన్నతన్యాయాధిపతుల యెదుట నిలువబడిరి. భేదము లంత గొప్పవి కావనియు, పరస్పరము సహింపదగినవనియు న్యాయాధిపతులు తలచిరి. గొమారసు మాత్రము, ఆర్మీనియసు మతముతో తాను దేవుని తీర్పునకు నిలువ సాహసింపనని చెప్పెను. ఆ యేడే అక్టోబరు 30వ తేదీని ఆర్మీనియసు హాలండు సంస్థాన ప్రతినిధిసభ యెదుట తన యభిప్రాయములను దాపరికము లేక విన్నవించెను. ఇరువది యేండ్లు లోపల నణచియుంచుకొన్నదానిని, తన్నడుగునధికారము గలవా రడిగినప్పుడు, మొదటినుండి చివరవరకు చెప్పివేసెను.

అప్పటికే క్షయరోగ మాయనను పట్టియుండెను. 1609లో మరల జరిగిన హేగు సంభాషణమధ్యమున వ్యాధి ముదిరి లైడెనునకు తిరిగివచ్చెను. కంటిచూపు మందగింపగా, అది దైవశాపమని విరోధులు కొందరు చెప్పుకొని సంతోషించిరి. వ్యాధిని దైవశిక్షగా నెంచువారి నోటికి దేశభేదము లేదు. 1609 అక్టోబరు 19వ తేదీని, భార్యయు పసిబిడ్డలును చుట్టునుండగా, ఆయన శాంతముగా ప్రాణములు విడిచెను. లైడెనునందలి సెయింటు పీటరు దేవాలయమున సమాధి చేసిరి. ఏబది యేండ్లు నిండలేదు.

ఆయన పోయిన పిదప కలహము రాజ్యవ్యవహారములతో కలిసిపోయెను. 1610లో నలువదిమందికి పైగా బోధకులు ఊటెన్బోగార్టు నాయకత్వమున ఐదంశములుగల విన్నపపత్రమును వ్రాసి సహనము కోరిరి; దానినిబట్టియే వారికి విన్నపకారులని పేరు వచ్చెను. స్పెయినుతో సంధి చేసిన ప్రధానమంత్రి ఓల్డెన్‌బార్నెవెల్టు వారి పక్షము. యుద్ధము కోరిన సేనాపతి మారిసు ప్రభువు ఎదుటి పక్షము. 1618లో మారిసు సైన్యబలముచే నధికారమును చేజిక్కించుకొనెను. ఆ నవంబరునుండి మరుసటి మే వరకు డార్టు నగరమున జరిగిన మహాసభలో విన్నపకారులు సభ్యులుగా గాక నేరస్థులుగా నిలువబెట్టబడి, తుదకు వెడలగొట్టబడిరి. సుమారిన్నూరుమంది బోధకులు పదవులు గోల్పోయిరి. పలువురు దేశమునుండి తరుమబడిరి. 1619 మే 13వ తేదీని డెబ్బదియొకటవ యేట ఓల్డెన్‌బార్నెవెల్టు శిరస్సు ఖండింపబడెను. న్యాయశాస్త్రవేత్త గ్రోషియసు యావజ్జీవ కారాగృహమునకు పంపబడి, 1621లో పుస్తకముల పెట్టెలో దాగి తప్పించుకొనెను. స్పెయిను రాజు పీడనమునుండి విడివడినవారు ఏబది యేండ్లు గడవకమున్నే తమ సోదరులను పీడించిరి.

అయినను భావమును ఖండించు కత్తి లేదు. 1625లో మారిసు మరణించినపిదప విన్నపకారులు మెల్లగా తిరిగివచ్చిరి. 1634లో ఆర్మీనియసు శిష్యుడగు ఎపిస్కోపియసు ఆమ్‌స్టర్‌డామున వారి పాఠశాల నారంభించెను. స్వదేశమును విడిచి హాలండున తలదాచుకొన్న ఆంగ్లేయ తత్త్వవేత్త లాకు, ఆ పాఠశాలాచార్యుడగు లింబోర్కునకు స్నేహితుడై, మతసహనమునుగూర్చిన తన ప్రసిద్ధ లేఖను ఆయనకే సంబోధించెను. అది 1689లో అచ్చుపడెను. ఇంగ్లండున జాను వెస్లీ 1778లో ఆర్మీనియసు పేరిట నొక పత్రికను స్థాపించెను. ఏ ఆమ్‌స్టర్‌డామున ఆర్మీనియసుపై నేరము మోపబడెనో, అచ్చటనే 1903లో ఉదారమతస్థుల సర్వదేశసభ జరిగెను. బొంబాయి ప్రార్థనాసమాజమునకు చెందిన విఠల్ రాంజీ షిండే గారు దానికి పోయి మన దేశమందలి యుదారమతమునుగూర్చి పత్రము చదివిరి.

ఇంతమాత్రమున ఆర్మీనియసును మనవాడని చెప్పికొనుట తగదు. ఆయన ధర్మగ్రంథమును దైవదత్తమని సంపూర్ణముగా నమ్మెను; క్రీస్తు ప్రాయశ్చిత్తమును, త్రిత్వమును విడువలేదు; పోపును నిష్ఠురముగా దూషించెను. మతకలహములను తీర్చు నధికారము ప్రభుత్వమున కుండవలెనని నమ్మెను. ఆ నమ్మకపు కీడు ఆయన మరణానంతరము స్నేహితులే యనుభవించిరి. తమకు రక్షకముగా నెంచిన ప్రభుత్వము చేతులు మారగానే శిక్షకమయ్యెను. మతవిషయమున రాజదండమును మిత్రునిగా నెంచువారికి డార్టు సభ శాశ్వతమైన హెచ్చరిక.

ఆయన చాలకాలము మౌనము వహించెనని నిందించువారు కలరు. మేమును దీనినిగూర్చి చాల యోచించితిమి. తల్లిని తోబుట్టువులను మతయుద్ధమునకు బలియిచ్చినవాడు కలహమునకు వెరచుటలో నాశ్చర్యము లేదు. కాని మౌనము రెండు విధములు. ఇంకను పరీక్షించుచున్నాను గనుక పలుకననుట యొకటి. నమ్మకున్నను నలుగురితోపాటు తలయూపి, పైకి మరియొకటి పలుకుట రెండవది. మొదటిది వివేకము కావచ్చును, రెండవది యసత్యమే. ఆర్మీనియసు మొదటిదానియందుండెను గాని రెండవదానిలోనికి జారలేదు. గురువు మతమును సమర్థింపుమన్నప్పుడు సమర్థింపలేదు. అడుగవలసినవా రడిగినప్పుడు దాచలేదు.

మన విద్యావంతులలో పలువురు ఈ రెండు మౌనములకును గల భేదమును మరచియుండిరి. సభలో విగ్రహారాధనము తగదని యొప్పుకొని, యింట దానికే యగ్రస్థానమున కూర్చుండిరి. వితంతువివాహమును పత్రికలలో మెచ్చుకొని, తమ కూతురి విషయము వచ్చినప్పుడు నుదుటి వ్రాతను తలచుకొనిరి. దీనిని శాంతస్వభావమని పేరుపెట్టుకొనిరి. శాంతస్వభావము దోషము కాదని ఆర్మీనియసు చరిత్రము చెప్పుచున్నది. శాంతస్వభావుడును తాను నమ్మనిదానికి సాక్ష్యము పలుకకుండ బ్రదుకవచ్చునని కూడ చెప్పుచున్నది.

దేవుడు ముందుగానే మన మేలుకీడులను వ్రాసి ముద్రవేసియున్నచో, పొరుగువాని దుఃఖమును చూచి మనము చేయవలసినదేమియు లేదు. ఆయన న్యాయవంతుడును దయామయుడును నైనచో, ఆ దుఃఖమును తొలగించు భారము మనమీద పడును. మహామారి పట్టిన యింటిలోనికి నీటికుండతో ప్రవేశించిన మనుష్యుడు ఈ రెండింటిలో దేనిని నమ్మెనో తెలిసికొనుటకు ఆయన గ్రంథములను తెరువనక్కరలేదు.